ఆదాము పేరు పెట్టని ప్రాణులు



ఆదాము జంతువులకు పేర్లు పెట్టిన సంగతి సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. అయినా ఆదికాండము 2వ అధ్యాయం 19, 20 వచనాలు ఈసారి వేలు పెట్టి మెల్లగా చదవండి. దేవుడు ఆదాము దగ్గరికి తీసుకొచ్చినవి ఏవి? భూజంతువులు, ఆకాశపక్షులు. ఆదాము పేర్లు పెట్టినవి ఏవి? పశువులు, పక్షులు, భూజంతువులు. చేప మాట అక్కడ లేదు. నీళ్లలో ఉండే ఏ ప్రాణీ ఆ వరుసలో వచ్చి నిలబడలేదు. కానీ 1వ అధ్యాయం 28వ వచనంలో దేవుడు ఏలుబడి అప్పగించినప్పుడు సముద్రపు చేపలే మొదట వస్తాయి. అంటే సముద్రం మీద అధికారమైతే మనిషికి వచ్చింది గాని, అందులోని ప్రాణుల పేర్లు ఏదెనులో తేలలేదు. లేఖనం మాట్లాడని చోట సిద్ధాంతం కట్టకూడదని బైబిలు కాలేజీలో మాకు నేర్పారు, నేనూ కట్టడం లేదు. అయితే ఆ పని ఇంకా మిగిలి ఉందన్నది ఈనాటికీ కళ్లకు కనిపించే నిజం. దాని గురించే ఈ వారం నా అభిప్రాయం రాస్తున్నాను.

సముద్రం అడుగున, సూర్యకాంతి ఎన్నడూ చేరని బురదలో, చూడటానికి పురుగులా ఉండే కొన్ని ప్రాణులున్నాయి. చాలావాటి పొడవు కొన్ని మిల్లీమీటర్లే. మన పొలంలో వానపాము పక్కన పెడితే దాని పిల్ల అనుకుంటాం. కానీ అవి పురుగులు కావు. నత్త, ఆల్చిప్ప, ఆక్టోపస్ ఏ కుటుంబంలోవో ఇవీ ఆ కుటుంబంలోవే. మొలస్కా అంటారు ఆ కుటుంబాన్ని. ఇంటర్‌లో బైపీసీ చదివిన మన పిల్లలకు ఏప్లాకోఫోరా అనే మాట తగిలే ఉంటుంది. పలక లేనిది, అంటే పెంకు మోయనిది అని దాని అర్థం. నత్తకున్న గుల్ల వీటికి లేదు. దాని బదులు ఒళ్లంతా సున్నపు సూదులు, పొలుసులు. సూక్ష్మదర్శిని కింద వెలుతురు పడితే అవి వెండిలా మెరుస్తాయి.

వీటిలో రెండు గుంపులున్నాయి. ఒక గుంపు కడుపు కింద సన్నని గాడి ఉంచుకుని పాకుతుంది, పగడాల జాతి ప్రాణులను తిని బతుకుతుంది. రెండోది బురదలో తలకిందులుగా దిగి, వెనక భాగంలోని మొప్పలను మాత్రం బొరియ నోటి దగ్గర ఉంచుకుని ఊపిరి పీలుస్తుంది. రెండూ కలిపి ఇప్పటిదాకా పేరు దొరికినవి నాలుగు వందల పైచిలుకు జాతులు. లోతైన సముద్రానికి ఓడ వెళ్లి బురద తెచ్చిన ప్రతిసారీ ఇంకా పేరులేనివి బయటపడుతూనే ఉన్నాయి.

వీటిలో మొదట పేరు పొందినదాన్ని స్వీడన్ దేశపు స్వెన్ లొవేన్ అనే పండితుడు 1840లలో వర్ణించాడు. దానికి కీటోడెర్మా నిటిడ్యులమ్ అని పేరు పెట్టాడు. చర్మం మీద వెంట్రుకల్లాంటి ముళ్లున్న చిన్న మెరుపు ప్రాణి అని చెప్పుకోవచ్చు. చాలాకాలం దాన్ని పురుగుల లెక్కలోనే ఉంచారు. ఒళ్లు పురుగులా ఉంది మరి, వేరే ఎలా అనుకుంటారు? తర్వాత లోపల కోసి చూస్తే నోట్లో చిన్న పళ్ల వరుస కనిపించింది. నత్త ఆకును గీకి తినడానికి వాడే ఆకురాయి లాంటి నాలుక అది, రాడ్యులా అంటారు. అది మొలస్కా ఇంటివాళ్ల గుర్తు.

ఇల్లు తెలిసింది గాని ఇంట్లో స్థానం తేలలేదు. గుల్ల ఇంకా రాని పాత కాలపు ప్రాణులా ఇవి, లేక గుల్ల ఉండి పోగొట్టుకున్నవా అని పండితులు తరాల తరబడి వాదించుకున్నారు. వియన్నాలో సాల్విని-ప్లావెన్, అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థలో అమేలీ షెల్టెమా తమ జీవితంలో దశాబ్దాలు ఈ ప్రాణుల మీదే పెట్టారు. 2011లో జన్యువులను పోల్చిన పరిశోధనలు వచ్చాయి. రాళ్లకు అంటుకుని బతికే, వీపు మీద ఎనిమిది పలకలుండే కైటాన్ అనే జీవికి ఇవి దగ్గరి చుట్టాలని అవి చెప్పాయి. మరుసటి ఏడు, ఇంగ్లండులోని హియర్‌ఫర్డ్‌షైర్ రాళ్లలో దొరికిన ఒక శిలాజం వివరాలు అచ్చయ్యాయి. కులిండ్రోప్లాక్స్ అని దాని పేరు. ఒళ్లు పురుగులా ఉంది, వీపు మీద మాత్రం ఏడు పలకలున్నాయి. రెండు ఇళ్ల పోలికలూ ఒకే ఒంట్లో కనిపించాయి. మొదటి పేరు పెట్టిన నాటినుంచి ఇక్కడికి రావడానికి నూట అరవై ఏళ్లకు పైగా పట్టింది.

ఇక ఒక కొత్త జాతికి పేరు పెట్టడం ఎంత పనో వినండి. ఓడ నుంచి కిలోమీటర్ల పొడవు తాడు దించి, అడుగున జల్లెడబండి లాంటి సాధనాన్ని లాగుతారు. పైకి వచ్చిన బురదను కడిగి జల్లిస్తే ఎక్కడో ఒక మూల ఈ ప్రాణి దొరుకుతుంది. మొదట ఫోటో తీస్తారు. సూదులు కొన్ని వేరుచేసి ఆకారం చూస్తారు. చిన్న ముక్క డీఎన్‌ఏ కోసం పక్కన పెడతారు. మిగిలిన శరీరాన్ని జిగురు దిమ్మలో పోతపోసి, మిల్లీమీటరులో కొన్ని వందల వంతుల మందం కూడా ఉండని పొరలుగా వరుస తప్పకుండా కోస్తారు. ఆ పొరలన్నీ ఒక్కొక్కటిగా చూసి లోపలి అవయవాలను మళ్లీ కట్టుకుంటారు. పాత వర్ణనలన్నిటితో పోలుస్తారు. ఎక్కడా సరిపోకపోతేనే కొత్తదని రాస్తారు. ఆ నమూనాను తర్వాత ఎవరైనా వచ్చి సరిచూసుకునేలా మ్యూజియంలో భద్రం చేస్తారు. అంత చేసి పేరు పెట్టేటప్పుడు తన సొంత పేరు పెట్టుకోవడం ఆ వృత్తిలో మర్యాద కాదు. సంఘానికి ఫ్యాను ఇచ్చి రెక్కల మీద పేరు రాయించుకునే మనం ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి.

2019లో అంటార్కిటికా సముద్రం నుంచి వచ్చిన ఒక ప్రాణికి అపోడొమేనియా ఎనిగ్మాటికా అని పేరు పెట్టారు. పాదం లేని చిక్కుప్రశ్న అన్నట్టు. కడుపు కింద గాడి, అందులో సన్నని పాదం ఉండటమే పైన చెప్పిన మొదటి గుంపు గుర్తు. దీనికి ఆ పాదమే లేదు. అయినా జన్యువులు చూస్తే ఆ గుంపులోదే. ఆ పండితులు ప్రాణిని తీసి అవతల పారేయలేదు, తమ నియమాన్నే కొంచెం వెడల్పు చేసుకున్నారు. పైరూపం చూసి తీర్పు తీర్చవద్దని 1 సమూయేలు 16:7లో దేవుడు సమూయేలుకు చెప్పింది మనుషుల విషయంలోనే, పురుగుల విషయంలో కాదు. కానీ మిల్లీమీటర్ల ప్రాణి విషయంలో అంత ఓపిక చూపే మనుషులు లోకంలో ఉంటే, ఎదురుగా వచ్చి కూర్చున్న మనిషిని చొక్కా చూసి లెక్కకట్టే మనం ఏం జవాబు చెబుతాం?

ఇక్కడ మన పెద్దలు అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు. వీటివల్ల ఉపయోగం ఏంటి పాస్టరుగారూ? వలలో పడవు, కూరకు రావు, అమ్ముడుపోవు. నిజమే. లేవీయకాండము 11:9-12 ప్రకారం రెక్కలు, పొలుసులు లేని నీటి ప్రాణి ఇశ్రాయేలీయుల భోజనానికి పనికిరాదు. ఆ లెక్కలో ఇవి తినదగనివే. కానీ ఆ పట్టిక భోజనం బల్ల గురించి రాసినది. అంతకు చాలా ముందే, ఆదికాండము 1:21లో, నీళ్లలో కదిలే ప్రాణులన్నిటినీ దేవుడు చూశాడు, మంచివని ఎంచాడు. అప్పటికి మనిషి ఇంకా పుట్టలేదు. తినేవాడు లేడు, కొనేవాడు లేడు. ఉపయోగం అనే కొలబద్ద పుట్టకముందే వాటికి మంచివి అన్న మాట దక్కింది. మన కొలబద్దను దేవుని కొలబద్దకంటే ముందు పెట్టే హక్కు మనకు లేదని నా నమ్మకం.

రెండో ప్రశ్న ఇంకా బరువైనది. ఆకలితో ఉన్నవాళ్లు, ఆస్పత్రి ఖర్చులకు అప్పులు చేసేవాళ్లు మన మధ్యే ఉండగా సముద్రం అడుగున పురుగులకు పేర్లు వెతకడం ఎవరికోసం? ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసేయను. అయితే యోబును గుర్తు చేసుకోండి. పిల్లలు పోయి, ఆస్తి పోయి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న మనిషికి దేవుడు చివర్లో ఇచ్చిన జవాబు ఏమిటి? సముద్రపు ఊటల దాకా, అగాధం అడుగు దాకా నువ్వు వెళ్లి చూశావా అని 38:16లో అడిగాడు. 39వ అధ్యాయంలో కొండమేకను, అడవిగాడిదను, నిప్పుకోడిని చూపించాడు. ఒక్కటీ యోబు కొట్టంలో కట్టేసుకునేది కాదు. బాధలో ఉన్న మనిషికి, తన బాధకంటే పెద్దదైన లోకాన్ని, ఆ లోకంలో తాను చూడని ప్రాణిని కూడా మర్చిపోని దేవుణ్ని చూడటమే ఆదరణ అయింది. బీదవాడికి అన్నం పెట్టడం మానేసి పురుగులు చూడమని నేను చెప్పడం లేదు. అన్నమూ కావాలి, అగాధాన్ని కూడా ఎరిగిన దేవుడూ కావాలి. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయకండి.

మూడో మాట నోరు తెరిచి అడగరు గాని మనసులో ఉంటుంది. ఆ శిలాజం వయసు 42 కోట్ల ఏళ్లకు పైనే అని శాస్త్రజ్ఞులు చెబుతారు. జంతుశాస్త్రం చదివే మన అమ్మాయిలు, అబ్బాయిలు ఇలాంటి అంకెలు కాలేజీలో వింటారు, ఆదివారం మందిరానికి వచ్చి మౌనంగా కూర్చుంటారు. సృష్టి దినాల లెక్క మీద భక్తిగల మనుషుల మధ్యే వేర్వేరు అభిప్రాయాలు ఎప్పటినుంచో ఉన్నాయి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆదికాండము నాకు సృష్టికర్త ఎవరో, సృష్టి ఎవరిదో చెబుతుంది. రాతి వయసు లెక్కపెట్టే పుస్తకంగా నేను దాన్ని చదవను. మీలో కొందరు ఒప్పుకోకపోవచ్చు, అది మనం కూర్చుని మాట్లాడుకునే విషయం. కానీ ఈ ఒక్క అంకె కోసం ఒక బిడ్డను చదువా విశ్వాసమా ఏదో ఒకటి తేల్చుకోమని నిలబెట్టడం మాత్రం ప్రభువు మన మీద పెట్టిన పని కాదు. సంగతిని దాచడం దేవుని ఘనత, వెదకి తీయడం రాజుల ఘనత అన్న భావం సామెతలు 25:2లో ఉంది. మన పిల్లలు వెదకడానికి వెళ్తుంటే గుమ్మం దగ్గర అడ్డంగా పడుకోకూడదు.

ఇంతకీ ఇప్పుడే ఎందుకు ఈ మాటలు? ఈ ప్రాణులు ఉండే బురద ఇప్పుడు బేరంలో ఉంది కాబట్టి.

పసిఫిక్ మహాసముద్రంలో హవాయి దీవులకు, మెక్సికోకు మధ్య క్లారియన్-క్లిప్పర్టన్ అనే ప్రాంతం ఉంది. నాలుగైదు కిలోమీటర్ల లోతులో, అడుగున బంగాళాదుంపల్లాంటి నల్లని గడ్డలు పరుచుకుని ఉంటాయి. మాంగనీసు, నికెల్, కోబాల్ట్, రాగి ఉన్న గడ్డలవి. పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతాయట. వాటిని తవ్వడానికి కంపెనీలు, దేశాలు వరుసలో నిలబడ్డాయి. నిబంధనల గురించి జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఉన్న అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థలో ఏళ్లుగా చర్చ నడుస్తోంది. మన దేశానికి కూడా హిందూ మహాసముద్రం మధ్యలో 75,000 చదరపు కిలోమీటర్లలో ఈ గడ్డల అన్వేషణకు ఒప్పందం ఉంది. మనుషులను 6,000 మీటర్ల లోతుకు పంపడానికి మత్స్య 6000 అనే వాహనాన్ని చెన్నైలోని సంస్థ తయారు చేస్తోంది.

ఆ పసిఫిక్ ప్రాంతం నుంచి అప్పటిదాకా నమోదైన ప్రాణులన్నిటినీ 2023లో శాస్త్రజ్ఞులు లెక్కవేస్తే 5,578 జాతులు తేలాయి. వాటిలో పదింట తొమ్మిది వంతులకు ఇంకా పేరు లేదని వాళ్ల అంచనా. పేరు లేనిది రికార్డులో ఉండదు. రికార్డులో లేనిది పోయినా ఎవరూ అడగరు. ఇది మన ఊళ్లో ఎవరికీ వివరించాల్సిన పని లేదు. పాసు పుస్తకంలో పేరు లేని రైతు, రేషన్ కార్డులో పేరు లేని ముసలమ్మ ఏ ఆఫీసు ముందు ఎలా నిలబడతారో మనం చూస్తూనే ఉన్నాం.

తవ్వితే ఏమవుతుందో చూడటానికి 1989లో జర్మన్ శాస్త్రజ్ఞులు పెరూ దేశం అవతల, నాలుగు కిలోమీటర్లకు పైగా లోతున సముద్రగర్భాన్ని నాగలి లాంటి సాధనంతో దున్ని చూశారు. 26 ఏళ్ల తర్వాత, 2015లో వెళ్లి చూస్తే ఆ చాళ్లు అలాగే ఉన్నాయి. మన పొలంలో వేసిన చాలు నాలుగు వానలకు చదునైపోతుంది. అక్కడ వాన లేదు, గాలి లేదు, పేడ వేసే పశువు లేదు. ఒకసారి చెదిరిన నేల ఒక తరం గడిచినా సర్దుకోలేదు.

సముద్రపు లోతు అనగానే మనకు మీకా 7:19 గుర్తొస్తుంది, మన పాపాలను దేవుడు పడవేసే చోటుగా. ఆ వాగ్దానం అమూల్యమైనది. కానీ దానివల్ల అగాధమంటే చెత్తకుండీ అనే భావం మన మనసులో పడిపోయిందేమో. విద్యావంతులూ అలాగే అనుకున్నారు. 1840లలో ఎడ్వర్డ్ ఫోర్బ్స్ అనే గొప్ప ప్రకృతి శాస్త్రవేత్త సుమారు 550 మీటర్ల కింద ప్రాణి అనేదే ఉండదని భావించాడు. కీర్తన రాసిన భక్తుడు మాత్రం 104:25లో ఆ విశాలమైన సముద్రాన్ని లెక్కకు అందని ప్రాకే ప్రాణులతో నిండినదిగా చూశాడు. అతని చేతిలో ఓడ లేదు, సూక్ష్మదర్శిని లేదు. సృష్టికర్త పొదుపరి కాడని మాత్రం అతనికి తెలుసు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పేరు తెలియని చోట తవ్వకూడదు. ముందు పేరు, తర్వాత బేరం. ఏలుబడి అంటే దోచుకునే లైసెన్సు అని లేఖనం ఎక్కడా చెప్పదు. ద్వితీయోపదేశకాండము 22:6-7లో పక్షి గూడు దొరికినవాడు పిల్లలను తీసుకోవచ్చు గాని తల్లిని విడిచిపెట్టాలి. తీసుకోవడానికి అనుమతి ఉంది, ఎక్కడ ఆగాలో హద్దు కూడా ఉంది. యోహాను 10:3లో కాపరి తన గొర్రెలను పేరుపెట్టి పిలుస్తాడు. పేరు తెలియకుండా మందను ఏలేవాడు కాపరి కాడు, కటికవాడికి కూడా పేర్లతో పని లేదు.

దీనికి ఎదురుమాట ఉంది, దాచను. మీరు ఈ వ్యాసం చదువుతున్న ఫోన్ బ్యాటరీలో చాలావరకు కోబాల్ట్ ఉంటుంది. కరెంటు బండ్లకు బ్యాటరీలు కావాలి, పొగ తగ్గాలంటే ఆ బండ్లు కావాలి. భూమి మీద గనుల్లో కూడా మనుషులు నలిగిపోతున్నారు. కాబట్టి లోహమే వద్దని చెప్పడం నిజాయితీ కాదు. తొందర వద్దని చెప్పడం మాత్రం న్యాయం. పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లు పెరిగిన గడ్డ ఇంకో ఇరవై ఏళ్లు ఆగగలదు. ఈలోగా పేర్లు రాసేవాళ్లకు జీతం, ప్రయోగశాల, ఓడలో చోటు ఇవ్వమని ప్రభుత్వాలను అడగవచ్చు. ఈ ప్రాణులను గుర్తుపట్టగల నిపుణులు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే. కోత ఎక్కువ, కోసేవాళ్లు తక్కువ అన్న ప్రభువు మాట ఆత్మల గురించి చెప్పిందే, అయినా ఈ పొలంలోనూ పరిస్థితి అదే.

మన సంఘంగా చేయగలిగింది చిన్నదే. పాడైన ఫోన్లు, బ్యాటరీలు పెరట్లో పారేయకుండా ఒకచోట చేర్చుదాం. వాటిలోని లోహాన్ని మళ్లీ తీయగలిగేవాళ్లకు అందిద్దాం. ఫోన్ పనిచేస్తుండగానే కొత్తది కొనే అలవాటు తగ్గించుకుందాం. మీ ఇంట్లో జంతుశాస్త్రం చదివే బిడ్డ ఉంటే, డాక్టరు సీటు రాలేదు కాబట్టి అది చదువుతోందని ఎవరి దగ్గరా తక్కువ చేసి చెప్పకండి. ఆదాముకు దేవుడు మొదట అప్పగించిన పనుల్లో ఒకటి ఆ బిడ్డ చేతికి వచ్చింది.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో 104వ కీర్తన మొత్తం చదవండి. 25వ వచనం దగ్గర ఆగి, మనం ఎన్నడూ చూడబోని ప్రాణుల కోసం కూడా సృష్టికర్తకు కృతజ్ఞతలు చెప్పండి. పేరు లేనివాళ్లను, లెక్కలో లేనివాళ్లను ఎరిగిన ఆ దేవుడే మీ ఇంటి గుమ్మాన్నీ ఎరుగును. ఆయన కృప మీకందరికీ తోడై ఉండును గాక. ఆమేన్.